తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు ఇస్తే ఒకడే చేస్తా ఉండాడు, ఐదుమంది చూస్తా ఉండారు. ఏం చేయాల?

లెక్కల_సార్
చంద్రగిరి పక్క ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ ఏడాది కంప్యూటరు పాఠాలు కూడా నా నెత్తిన పడినాయి. "లెక్కలాయన కదా, మీకెంతసేపు" అన్నారు హెడ్మాస్టరు గారు. నాకొచ్చిన పైథాను అనే కోడు భాష ఎండాకాలం సెలవుల్లో మా మేనల్లుడి పక్కన కూర్చొని నేర్చుకున్నదే.

ప్రోగ్రామింగు ఒక మాదిరిగా జరిగిపోతా ఉంది. ఇఫ్, ఫర్, లిస్టు దాకా వచ్చినాం. తంటా అంతా ప్రాజెక్టు కాడ. 42 మంది పిల్లకాయలు. పది కంప్యూటర్లు ఉంటే ఆరు పని చేస్తాయి. ఆరుగురికొక గుంపు లెక్కన ఏడు గుంపులు చేసినా, ఏడో గుంపుకు నా లాప్‌టాపు ఇచ్చినా. నెలన్నర గడువు.

గడువు అయినాక చూస్తే మూడు గుంపుల్లో ఒక్కడే అంతా చేసినాడు, మిగతా ఐదుమందికి ఫైలు పేరు కూడా తెలీదు. రెండు గుంపులు తిరుపతిలో ప్రాజెక్టులమ్మే అంగట్లో కొనుక్కొచ్చినారు, బిల్లు చార్టు వెనకాలే అంటుకొని ఉండాది. ఒక గుంపు కొట్లాడుకొని రెండు ముక్కలయింది. ఏడోది బ్రహ్మాండంగా వచ్చింది, ఆ పిల్ల వాళ్ళన్న బీటెక్కు.

నేనడిగేది ఇది. పని పంచుకోవడం, తేదీలు వేసుకోవడం, ఎవరు ఏం చేస్తా ఉండారో చూసుకోవడం, ఇవి కూడా పాఠం మాదిరి చెప్పాల్నా? ఈ వయసుకు అది జాస్తి అంటారా? ఇంగొకటి, ఆరుగురికీ మార్కులు ఎట్ల వేసేది?

బెంగళూరు_బస్సు
పదకొండేళ్ళుగా నాది సాఫ్ట్‌వేర్ పని సార్, ఇవి కచ్చితంగా చెప్పాలి. మా దగ్గర కొత్తగా చేరేవాళ్ళకు కోడు వస్తుంది, పక్కవాడితో కలిసి చేయడం రాదు. రెండు వారాలకొక స్ప్రింటు, అంటే చిన్న గడువు పెట్టండి. రోజూ పది నిమిషాలు స్టాండప్, అంటే నిలబడి ఎవరి పని ఎంతదాకా వచ్చిందో చెప్పుకోవడం. ఇదంతా సాఫీగా నడిచేలా చూడడానికి ఒకరిని స్క్రమ్ మాస్టరు చేయండి. జిరా అనే ఆన్‌లైను పనుల పట్టికలో టికెట్లు, అంటే పనికొక చీటీ వేయించండి, పదిమంది దాకా అది ఉచితమే. కోడును నెట్టులో దాచి పంచుకునే గిట్‌హబ్‌లో పెట్టించండి. చిన్నప్పుడే అలవాటైపోతుంది.

పాతమాస్టరు
జీరా అంటే మాకు జీలకర్రే నాయనా. ఆ బడిలో నెట్టు పొద్దున ఉంటే మజ్జానం ఉండదు.

31 ఏండ్లు చెప్పి రిటైరైనోణ్ణి, నా మాట విను లెక్కల సారూ. తొమ్మిదో తరగతి పిల్లోడికి ముందు ఒక లూపు, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే ముక్క, చేత్తో తిప్పడం రావాల. నోట్సులో గడులు గీయించు. ఐ విలువ ఎంత, మొత్తం ఎంత, ఒక్కో అడుగూ కింద కింద రాయించు. అది రానోడికి గుంపెందుకు, గడువెందుకు? ప్రాజెక్టు నడపడం పెండ్లయినాక తనంతట అదే వస్తాది.

చిగురు_చెట్నీ
పెండ్లయినాక కాదు మాస్టారూ, పెండ్లి చేసేటప్పుడే వస్తాది. మా అక్క పెండ్లికి షామియానా ఆయనకొక తేదీ, వంటాయనకొక తేదీ చెప్పినాడు మా బావ. సాఫ్ట్‌వేర్లో మేనేజరంట.

పలమనేరు_మేడమ్
నేను ఇది ఒకసారి చేసి, చెడి, మళ్ళీ చేసినదాన్ని. అందుకే రొంత పొడుగ్గా రాస్తా ఉండా.

సారూ, ముందు గుంపు తగ్గించండి. ఆరుగురు జాస్తి. ఇద్దరైతే ఒకరు జ్వరమని రాకపోతే పని ఆగిపోతాది. నలుగురైతే ఒకరు గోడకు ఆనుకొని కూర్చుంటారు. ముగ్గురు సరిపోతారు. ముగ్గురైతే కంప్యూటర్లు చాలవు కదా అంటారు. సగం గుంపులు మిషను మీద, సగం గుంపులు కాగితం మీద, పీరియడుకు మార్చండి. కాగితం మీద కూర్చున్న రోజే వాళ్ళు ఆలోచించేది.

ముగ్గురికీ నేను ఆర్టీసీ బస్సు పేర్లు పెట్టినా. డ్రైవరు, కండక్టరు, చెకింగు. కీబోర్డు డ్రైవరు చేతిలో ఉంటాది, కానీ సొంతంగా ఒక్క అక్షరం కొట్టకూడదు. ఏం కొట్టాల్నో కండక్టరు చెప్తాడు, ఆయన రైట్ రైట్ అంటేనే బండి కదలాల. కండక్టరు కీబోర్డు ముట్టుకోకూడదు. చెకింగు చేతిలో కాగితం, గడియారం. ముందు రోజు రాసుకున్నదానికీ తెర మీద వస్తా ఉండేదానికీ తేడా పట్టుకోవడం ఆయన పని. పది నిమిషాలకొకసారి సీట్లు మారాల. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇద్దరు కూర్చొని ఒకే మిషను మీద రాసే పద్ధతి ఒకటుంది, దాన్నే నేను ముగ్గురికి సాగదీసినా. మొదటి వారం అంతా అరుపులే. రెండో వారం నుంచి, ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్ల కండక్టరు సీట్లో కూర్చొని "ఆపు, కోలన్ పెట్టలా" అని అరిస్తే నాకే కండ్లు చెమర్చినాయి.

పని ముక్కలు చేయడానికి నాకు జిరా లేదు. పెండ్లి పత్రికలు ఉండాయి. అందరి ఇండ్లల్లో కట్టలు కట్టలు పడుంటాయి, వెనకపక్క తెల్లగా ఉంటాది. ఒక పత్రికకు ఒక పని. ఆ పని ఒక్క పీరియడులో అయిపోవాల, అయిందో లేదో పక్క గుంపోడు చూసి చెప్పగలగాల. "నీళ్ళ ప్రోగ్రాం చేయాల" అని రాస్తే చించి పారేసినా. "మట్టి తడి చూసే సెన్సారు చెప్పే నంబరు తెర మీద కనిపించాల" అని రాస్తే గోడకెక్కించినా. సగం తరగతికి ఈ తేడా అర్థం కావడానికే మూడు వారాలు పట్టింది, కోడు దాని తరవాతే.

ఇంగ చెడింది చెప్తా. మా బడి తోటలో టమోటా మళ్ళు ఉండాయి. మట్టి ఎండితే గంట మోగాల, అదే ప్రాజెక్టు. ఆర్డినో బోర్డు (చిన్న కంప్యూటరు మాదిరి పలక), మట్టిలో గుచ్చే రెండు కాళ్ళ సెన్సారు. పది రోజులు చక్కగా నడిచింది. మూడో వారం మడి నిండా నీళ్ళుంటే కూడా ఎండిపోయిందని గంట కొడతా ఉంది. నాలుగు రోజులు కోడు వెతికినారు, ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. చివరికి ఒకడు సెన్సారు పీకి చూస్తే ఒక కాలు నల్లగా, చెదలు తినేసినట్టు ఉంది. కోడులో ఏ తప్పూ లేదు. చూపించే రోజు కూడా అదే!

తోతాపురి
మేడమ్, అది విద్యుద్విశ్లేషణ. మా మామిడి తోటలో నేను కూడా రెండు పోగొట్టుకున్నా. తడి మట్టిలో ఉప్పులుంటాయి కదా, ఆ రెండు కాళ్ళ మధ్య రేయింబవళ్ళు డీసీ కరెంటు పారుతా ఉంటే పాజిటివ్ కాలు కరిగి మట్టిలోకి పోతాది. పిల్లకాయలు సైన్సు పీరియడులో గ్లాసులో చేసి చూసేదే మీ మడిలో జరిగింది.

సెన్సారుకు కరెంటు ఇచ్చే తీగను 5 వోల్టుల పిన్నులో పెట్టొద్దు. కోడు చెప్తే వెలిగే, ఆరే ఒక డిజిటల్ పిన్నులో పెట్టండి. అరగంటకొకసారి ఆ పిన్ను వెలిగించి, నంబరు చదివి, వెంటనే ఆర్పేయాల. దినమంతా కలిపినా కరెంటు పారేది కొన్ని సెకండ్లే కాబట్టి నిండా రోజులొస్తాది. లేదంటే కెపాసిటివ్ సెన్సారు కొనండి, దాంట్లో లోహం మట్టికి తగలదు. దాని పైకొసన చిప్పు బయటికి ఉంటాది, నీళ్ళు పడకుండా గోళ్ళ రంగు పూయండి.

చిగురు_చెట్నీ
మా చెల్లెలి గోళ్ళ రంగు సీసా యాడికి పోయిందో ఇప్పుడర్థమయింది.

కొర్లగుంట_అమ్మ
పలమనేరు మేడమ్ పద్ధతి నాకు నచ్చింది, కారణం చెప్తాను. మా అమ్మాయి ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది. ఆరో తరగతి నుంచి ప్రతి ప్రాజెక్టులో దానికి పడే పని ఒక్కటే, రికార్డు రాయడం. చేతిరాత బాగుందట. మగపిల్లలు కీబోర్డు దగ్గర, ఆడపిల్లలు స్కెచ్ పెన్నులు పట్టుకొని చార్టు దగ్గర. అడిగితే "అది కూడా ప్రాజెక్టు పనేగా అమ్మా" అన్నారు టీచరు. నిజమే, కానీ నాలుగేళ్ళుగా అదే పని ఒక్కదానికే ఎందుకు పడుతోంది? ఎవరు ఏ పని అని గుంపునే తేల్చుకోమంటే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళకే కీబోర్డు. సీట్లు మార్చే గడియారం ఉండాల్సిందే.

పదో_తరగతి_బాధితుడు
పెద్దోళ్ళ మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమనుకోకండి. పోయిన ఏడు నేను మా గుంపు లీడరు. ఫస్టు ర్యాంకు కాబట్టి సారు నన్నే పెట్టినారు. నాకు కోడు వచ్చు కానీ వాళ్ళకు చెప్పి చేయించడం రాదు. చెప్పే టైములో నేనే చేసేయొచ్చు అనిపించి చేసేసినా. వాళ్ళు సోమరులని సారు తిట్టినారు. వాళ్ళు సోమరులు కాదు, నేను ఏమీ మిగల్చలేదు.

లెక్కల_సార్
బాధితుడా, మా మూడు గుంపుల్లో ఒక్కడే చేసినాడని రాసినా కదా. వాళ్ళని నేను పొగిడినా కూడా. ఇప్పుడు నీ మాట చదివి గమ్మున కూర్చున్నా.

శ్రీసిటీ_షిఫ్టు
మేడమ్ గోడ మీద పత్రికలంటే మా ఫ్యాక్టరీ షాపు ఫ్లోరు గుర్తొచ్చింది. కాన్‌బాన్ అనేది టయోటా ఫ్యాక్టరీలో తైచి ఓనో అనే ఆయన నడిపిన పద్ధతి. ఆ మాటకు జపాను భాషలో సైన్ బోర్డు అని అర్థం. మా దగ్గర ప్రతి డబ్బాకూ ఒక కార్డు ఉంటాది. డబ్బా ఖాళీ అయితేనే కార్డు వెనక్కి పోతాది, కార్డు వస్తేనే వెనకోళ్ళు కొత్తది చేస్తారు. ఖాళీగా ఉండారని ముందే చేసి పెట్టకూడదు.

బెంగళూరన్న చెప్పిన జిరాలో టికెట్లు పెట్టే బోర్డులు దీని పిల్లలే. కానీ అందరూ మూడు గడులు గీసి ఆపేస్తారు: చేయాల్సినవి, చేస్తా ఉండేవి, అయిపోయినవి. అసలు కిటుకు నడిమి గడిలో. దానికి హద్దు పెట్టాల. ముగ్గురుండే గుంపుకు నడిమి గడిలో రెండు పత్రికలకు మించి ఉండకూడదు. మూడోది ఎత్తుకోవాలంటే ముందు ఒకటి ముగించాల. మా చిన్నోడికి ఇంట్లో హోంవర్కుకు పెట్టి చూసినా. ఐదు సబ్జెక్టుల నోట్సులు ఒకేసారి తెరిచి కూర్చొనేవాడు, ఇప్పుడు రెండే.

బెంగళూరు_బస్సు
సరే, జిరా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజానికి 2001లో యూటా రాష్ట్రంలో పదిహేడుమంది కూర్చొని ఎజైల్ అని సాఫ్ట్‌వేర్ చేసే తీరు గురించి రాసుకున్నదాంట్లో మొదటి మాటే పనిముట్ల కన్నా మనుషులు ముఖ్యమని. మేమే మరిచిపోయి పనిముట్లు పట్టుకొని వేలాడుతున్నాం.

గుంపు సైజు మీద ఒకటి చెప్పాలి. ఐబీఎంలో సిస్టం 360 అనే పెద్ద కంప్యూటర్ల పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని. దీని వెనక లెక్క లెక్కల సారుకు చెప్పక్కర్లేదు. ముగ్గురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు మూడు. ఆరుగురుంటే పదిహేను. మీ ఆరుగురి గుంపు సగం కష్టం అక్కడే.

పాతమాస్టరు
ఇది కరచాలనాల లెక్క. ఎన్ ఇంటూ ఎన్ మైనస్ ఒకటి, బై రెండు. ఇట్లా చెప్తే నాకూ ఎక్కుతాది. దీన్నే ప్రోగ్రాంగా రాయించు లెక్కల సారూ, రెండు లూపులతో. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

అయినా నా మాట మీదే ఉండా. లూపు రానోడు చెకింగు సీట్లో కూర్చొని ఏం పట్టుకుంటాడు?

పలమనేరు_మేడమ్
పట్టుకుంటాడు మాస్టారూ, మీ గడుల కాగితమే వాడి చేతిలో పెడతా. మీరు చెప్పేది ముందు, నేను చెప్పేది తరవాత అనుకుంటా ఉండారు మీరు. నా తరగతిలో రెండూ ఒకే బల్ల మీద జరుగుతాయి. వట్టి గడులు గీయమంటే మూడో రోజుకు పక్కోడిది చూసి దింపేస్తారు. తన గుంపు ప్రోగ్రాం తప్పు చూపిస్తా ఉంటే గీసుకునే గడులు వేరు.

పాతమాస్టరు
దింపేస్తారు, నిజమే. 31 ఏండ్లూ దింపినారు.

తాతయ్యగుంట_వీధి
తిరుపతిలో ఉండి ప్రాజెక్టు గడువు పిల్లకాయలకు ఎట్ల చెప్పాల అని అడగతా ఉండారా? గంగమ్మ జాతర చూపించండప్పా. చాటింపు ఒకసారి పడిందంటే ఊరోళ్ళు బయటూరికి పోయి రాత్రి నిద్ర చేయకూడదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఏ రోజుది ఆ రోజే. కుట్టేవాడు గుడ్డ ఇవ్వలేదని దొర వేషం ఎల్లుండికి మార్చినోళ్ళు ఉండారా? ఎవురు ఏ వేషం, ఎవురు సున్నం పూయాల, ఎవురు వేపాకు తేవాల అని మా ఇంట్లో పదేళ్ళ పిల్లోడికి కూడా తెలుసు. ఏ చార్టూ గీయలేదు.

మా తమ్ముడు ట్యూషన్లో పిల్లకాయలకు కోడు చెప్తాడు. వాడు ఈ మాటే వాడుకుంటాడు. చూపించే రోజుకు వారం ముందు చాటింపు. చాటింపు పడినాక కొత్త పత్రిక గోడకెక్కకూడదు, ఉండేవే ముగించాల. "సార్, ఇంకొక బటను పెడతాం" అంటే "చాటింపు పడింది రా" అంటాడు, అంతే, నోరు మూసుకుంటారు.

బెంగళూరు_బస్సు
మా క్లయింట్లకు కూడా చాటింపు వేయగలిగితే ఎంత బాగుండు. మా దగ్గర విడుదలకు ముందు రోజు రాత్రి కూడా "చిన్న మార్పే" అని ఫోను వస్తుంది.

గుడి_దీర్ఘం
రొంత పక్కకు పోతా ఉండా, ఏమనుకోవద్దండి. తెలుగు మీడియం పిల్లకాయలకు చెప్పేవాళ్ళు ఇది చూడండి. పైథానులో వేరియబుల్, అంటే విలువ దాచుకునే డబ్బా, దానికి పేరు తెలుగులో పెట్టొచ్చు. ధర, మొత్తం, మార్కులు అని నేరుగా రాస్తే నడుస్తాది. ప్రింట్, ఇఫ్ లాంటి మాటలు మాత్రం ఇంగ్లీషే. మా పిల్లకాయలు వేరియబుల్‌కు ఏ, బీ, సీ తప్ప పేరు పెట్టేవాళ్ళు కాదు. తెలుగులో పెట్టొచ్చంటే "మిగిలిన_చిల్లర" అని పెట్టినారు. ఆ ఒక్క పేరు చూస్తే వాడికి లెక్క అర్థమయిందో లేదో తెలిసిపోతాది.

ఒక చిక్కు ఉంది. "సాఫ్ట్‌వేర్" మాదిరి మాటల్లో పొల్లు విడిగా నిలబడాలని మన కీబోర్డులు మధ్యలో కనపడని అక్షరం ఒకటి దూరుస్తాయి. దాన్ని పైథాను ఒప్పుకోదు, తప్పని అరుస్తాది. తెర మీద చూస్తే ఏమీ కనపడదు. ఒక పూటంతా పోయింది నాకు.

అసలు తమాషా పొడుగు కొలిచేటప్పుడు. "తిరుపతి" పొడుగెంత అని పైథాన్ను అడిగితే 7 అంటాది. "సార్, నాలుగు అక్షరాలే కదా, కంప్యూటరుకు లెక్క రాదా?" అని ఒకడు లేచినాడు. త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి అని వేళ్ళ మీద లెక్కపెట్టించినా. "చిత్తూరు" అయితే 8. వెంటనే తిరగరాయండి అన్నా. తిరుపతిని తిరగేస్తే గుడి ముందుకొచ్చి గాల్లో వేలాడతా ఉంది, ర కొమ్ము ప కు తగిలింది, తపురిత అని ఏదో వచ్చింది. తరగతి తరగతంతా పడీ పడీ నవ్వినారు. ఆ పొద్దు నుంచి వాళ్ళ పేర్లన్నీ తిరగేసి పిలుచుకుంటా ఉండారు, ఆ పాపం నాదే.

పాతమాస్టరు
తపురిత! మా కాలంలో తెలుగు అయ్యోరు వింటే బెత్తం ఎత్తుకొనేవాడు. ఇది బాగుంది గుడి దీర్ఘం. నా మనవడికి ఈ రాత్రికే చూపిస్తా.

కాణిపాకం_కుర్రోడు
అందరూ గోడ, పత్రికలు అంటా ఉండారు. సామాన్లుండే బళ్ళ సంగతి చెప్పనా? నేను చదివిన బడికి అటల్ టింకరింగ్ ల్యాబు, అంటే పిల్లకాయలు సొంతంగా సామాన్లు చేసి నేర్చుకునే గది వచ్చింది. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన పథకం, బడికి 20 లక్షలు, సగం సామాన్లకు, సగం ఐదేండ్లు నడపడానికి. మా ల్యాబులో త్రీడీ ప్రింటరుకు పెండ్లికూతురు మాదిరి గుడ్డ కప్పి ఉంటాది. తనిఖీ వచ్చిన రోజు ముసుగు తీసేవాళ్ళు. మేము బోర్డు ముట్టుకుంటే "పోతే ఎవరు కడతారు రా" అనేవాళ్ళు. పథకాన్ని అనడం లేదు, తాళం చెవి పట్టుకున్న మనుషుల్ని అంటా ఉండా.

పిల్లకాయల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఎంపికైతే పిల్లోడి ఖాతాలో పది వేలు పడతాయి. ఆ డబ్బులతో నేరుగా అంగటికి పోయి, వాన పడితే తనంతట తనే మూసుకునే షెడ్డు కొనుక్కొస్తారు. ఒక ప్రదర్శనలో ఆ షెడ్డు మూడు బళ్ళది మూడు బల్లల మీద చూసినా, రేకు రంగు కూడా ఒకటే. జడ్జి మూడో దాని కాడికి వచ్చేతలికి ఆయనే వివరించేసినాడు.

లెక్కల_సార్
ఆ షెడ్డే మా రెండో గుంపుది కూడా. ఆకుపచ్చ రేకు కదా?

కాణిపాకం_కుర్రోడు
ఆకుపచ్చే సార్ 😄

లెక్కల_సార్
ఇంతకీ మార్కుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అమ్మ ఫోనులో చాట్‌జీపీటీని అడిగి రాసుకొచ్చేవాళ్ళు కూడా ఉండారు. నేను చెప్పని ఫంక్షన్లన్నీ వస్తా ఉండాయి, నాకే అర్థం కావు. పిల్లోడి ముందు తల ఊపి, స్టాఫ్ రూముకొచ్చి వెతుక్కుంటా ఉండా.

పలమనేరు_మేడమ్
నాది ఒకటే ప్రశ్న సార్. తెర మీద ఒక లైను మీద వేలు పెట్టి, "ఇది తీసేస్తే ఏమవుతాది?" అంటా. ముగ్గురిలో ఎవరిని అడగాల్నో చీటీ తీస్తా. వాడు చెప్పింది గుంపు మొత్తానికీ మార్కు. ఇంగ చూడండి, ఫస్టు ర్యాంకోడు వెనకోడిని పట్టుకొని ఇంటర్వెల్లో కూడా నేర్పిస్తాడు. ఫోను చూసి రాసినా నాకు బాధ లేదు, లైను తీసేస్తే ఏమవుతాదో చెప్పగలిగితే చాలు.

కొర్లగుంట_అమ్మ
ఒకరు తప్పు చెప్తే ముగ్గురికీ మార్కు పోవడం అన్యాయం కదా మేడమ్?

పలమనేరు_మేడమ్
సగం మార్కులకే అమ్మా అది. మిగతా సగం ఎవరి నోట్సు వాళ్ళది. ఎన్ని రోజులు పడుతుందనుకున్నాం, ఎన్ని పట్టింది అని ప్రతి పత్రిక మీదా రెండు అంకెలు రాయిస్తా. అంచనా తప్పితే మార్కు కోయను, రాయకపోతే కోస్తా. మొదట్లో అందరూ "ఒక రోజు" అని రాసేవాళ్ళు, పట్టింది ఐదు. నెల పోయేతలికి వాళ్ళే "సార్లకు సెలవు ఉండాది, మూడు రాయి" అంటా ఉండారు.

శ్రీసిటీ_షిఫ్టు
ఈ పిల్లకాయల్ని మా ప్లానింగు డిపార్టుమెంటుకు పంపండి మేడమ్. ఇప్పుడే.

పదో_తరగతి_బాధితుడు
లెక్కల సార్, ప్రాజెక్టు పేరు మీరే ఇవ్వకండి. మాకు పోయిన ఏడు లైబ్రరీ మేనేజిమెంటు సిస్టం ఇచ్చినారు. మా బడి లైబ్రరీకి బీరువా ఒకటే. దాని నుంచి పుస్తకం అడిగినోడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

లెక్కల_సార్
మూడు వారాలు కనపడలేదు, తిట్టుకోవద్దండి. మీరు చెప్పినవన్నీ కలిపి సంగటి చేసినా.

గుంపుకు ముగ్గురు. బస్సు సీట్లు పెట్టినా. గోడ మీద పత్రికలు, నడిమి గడిలో రెండే. బాధితుడి మాట పట్టుకొని ప్రాజెక్టు పేరు నేనివ్వలేదు. "బడిలో ఎవరికైనా ఒక కష్టం ఉందేమో అడిగి రండి, ఆ మనిషి అవునంటేనే ప్రాజెక్టు" అన్నా. ఒక గుంపు వంట చేసే ఆయమ్మ కాడికి పోయినారు.

ఆమె కష్టం ఏందంటే, ఈ పొద్దు ఎంతమంది తింటారో తెలీకుండా బియ్యం కడగాల. గుడ్డున్న రోజు ఒక లెక్క, లేని రోజు ఒక లెక్క. మా పిల్లకాయలు ఉషారుగా హాజరు లెక్క తీసుకొని, తలకు 150 గ్రాములు, 180 మందికి 27 కిలోలు అని ప్రోగ్రాం చేసి పోయినారు. ఆమె చూసి, "కిలోలు నాకెందుకు నాయనా, నా కాడ తక్కెడ యాడుంది? ఈ డబ్బాతో ఎన్ని డబ్బాలో చెప్పండి" అనింది. డబ్బా ఎత్తుకొని అంగటికి పోయి తూకం వేయించుకొచ్చినారు. రెండుంపావు కిలో. 12 డబ్బాలు. పత్రికలు సగం మళ్ళీ రాసినారు.

తరవాత తేలిందేమంటే, ఆమె తొమ్మిదిన్నరకు బియ్యం కడగతాది, ఎనిమిదో తరగతి హాజరు పదకొండుకు గానీ రాదు. కోడు ముప్పై లైన్లు కూడా లేదు. మిగతా తంటా అంతా తొమ్మిదింబావుకు ఎవరు ఏ తరగతికి పోయి తలలు లెక్కపెట్టుకొని రావాల అనేదే. దానికి వంతులు వేసుకున్నారు, రాకపోతే బదులు ఎవరో కూడా రాసుకున్నారు. చాటింపు వేసినా. ఒకడొచ్చి, "సార్, ఆయమ్మ ఫోటో కూడా పెడదాం" అన్నాడు. చాటింపు పడింది పో అన్నా.

ఒక గుంపు పెన్ డ్రైవు జిరాక్సు అంగట్లో పెట్టి వైరసు తెచ్చుకున్నారు. ఫోల్డర్లన్నీ షార్టుకట్లయినాయి. ఇంగొక గుంపు ఇప్పటికీ కొట్లాడతానే ఉండారు. ముగ్గురైతే కొట్లాట ఉండదని ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనెవరినీ అనను.

తాతయ్యగుంట_వీధి
ఆయమ్మ ఫోటో చాటింపుకు ముందే పెట్టుండాల్సింది సారూ.

పాతమాస్టరు
ఐదు తరగతుల లెక్క లూపుతో కూడినారా, లేక విడివిడిగా రాసినారా?

లెక్కల_సార్
మాస్టారూ, మీకు దివ్యదృష్టి ఉన్నట్టుంది. ఆరు నుంచి పది దాకా ఒకే ముక్కను ఐదుసార్లు కాపీ కొట్టి పెట్టినారు. పనిచేస్తా ఉంది కదా అని నేను కూడా వదిలేసినా.

నిన్న ఆయమ్మ డబ్బా మార్చింది. పాతది తూటు పడిందంట, కొత్తది మూడు కిలోలది. పిల్లకాయలు కోడులో 2.25 ఉన్న చోటల్లా 3 అని మార్చినారు. నాలుగు చోట్ల మార్చి, ఎనిమిదో తరగతి కాడ మరిచిపోయినారు. ఈ పొద్దు మజ్జానం ఆయమ్మ నా కాడికొచ్చి, "రెండు కిలోల దాకా అన్నం మిగిలిపోయింది సారూ, ఎనిమిదోళ్ళు ఎక్కువ తింటారని ఎవరు చెప్పినారు మీ పిల్లకాయలకు?" అని అడిగింది.

చిగురు_చెట్నీ
తింటారు సార్. మా తమ్ముడు ఎనిమిదే.